నాలుగు కండ్లకు బొట్టు

మల్టీమీటరుకు కూడా బొట్టు పెట్టే ఊరు మాది. ఆయుధపూజ రోజు నా అంగడిలో స్పానర్లు, స్కానరు, సోల్డరింగు కడ్డీ అన్నీ బల్ల మీద పేర్చి పసుపు పూసి కుంకుమ పెడతాను. పెనుకొండలో బండ్ల కరెంటు పని చేసేవాళ్లందరి అంగళ్లలోనూ అదే తంతు. పూజతో నాకు పేచీ లేదు. పేచీ అంతా మరుసటి రోజుతోనే. పండగకని ప్రతివాడూ బండిని పైపు పెట్టి కడుగుతాడు. బానెట్టు ఎత్తి లోపల కూడా కడుగుతారు మహానుభావులు! తెల్లారేసరికి ఒకడికి హారన్ మోగదు, ఒకడికి లైటు ఆరదు, ఇంకొకడికి బండే కదలదు. అందరూ వచ్చి నా నెత్తిన పడతారు.

నేను తప్పు చేసింది అలాంటి ఒక మరుసటి రోజునే.

అతను బాడుగ కారు నడుపుతాడు. ముప్పై ఏళ్లుంటాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర పల్లె. ధర్మవరం స్టేషనుకూ పుట్టపర్తి ఆసుపత్రులకూ జనాన్ని తిప్పుతుంటాడు. ఆ ఏడు వేసవిలో వచ్చి, తన పాత కారుకు వెనక సెన్సర్లు పెట్టమన్నాడు. రివర్సు గేరు వేసినప్పుడు వెనక ఏదైనా అడ్డముంటే టిక్కుటిక్కుమని కూసే రకం. హిందూపురం నుంచి తెప్పించి, బంపరుకు నాలుగు బొక్కలు వేసి, నాలుగు గుండ్రటి బిళ్లలు బిగించాను. అంత పాత కారుకు ఇవి ఎవరూ అడగరు.

"నీకెందుకప్పా ఇవి? ఇన్నేండ్లు అద్దంలో చూసుకోనే తోల్తాండావు కదా?" అన్నాను.

"నా కోసం కాదన్నా. మా అవ్వకు చెవుడు. బండి వస్తాంటే ఇనపడదు. ఎప్పుడూ వాకిట్లోనే కూచోనుంటాది, లెయ్యమంటే లెయ్యదు. ఆమెకు ఇనపడకపోయినా నాకన్నా ఇనపడల్ల కదా."

అమ్మానాన్నా లేని అతన్ని పెంచింది ఆ అవ్వే. ఆ మాట విన్నాక నాకు ముచ్చటేసింది. అవ్వ కూర్చునే ఎత్తులో నేనే కారు వెనక గొంతుక్కూర్చుని, అతణ్ని రివర్సు చెయ్యమని, రెండుసార్లు పరీక్షించాను. రెండుసార్లూ చక్కగా కూసింది.

పండగ మరుసటి రోజు మళ్లీ వచ్చాడు. అప్పటికే అంగడి ముందు తొమ్మిది బండ్లు. నేను ఒక మినీ లారీ డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి, తడిసిన ఫ్యూజులు పీకుతున్నాను. ఒళ్లు మండిపోతోంది.

"నిన్న సాయంత్రం నుంచి గేరు వేస్తే సాలు, ఆపకుండా ఒకటే మోతన్నా. వెనక చీమ గూడా లేదు."

లేచి వెళ్లి చూశాను. బంపరంతా ముచ్చటగా అలంకరించి ఉంది. నాలుగు బిళ్లల మీదా మందంగా పసుపు ముద్ద, ఆ పసుపు మధ్యలో కుంకుమ. చూడలేదని చెప్పను. ఈ కళ్లతోనే చూశాను, ఎంత పొందికగా పెట్టారో అనుకున్నాను కూడా. తడిగుడ్డతో తుడిస్తే అరనిమిషం పని. కానీ ముందు రోజు అదే పసుపు నా మీటరుకూ పూశాను. బొట్టు వల్ల పని చెడుతుందన్న ఆలోచన నా బుర్రలోకి రానే లేదు. పొద్దుటి నుంచి వచ్చిన ప్రతి బండికీ రోగం నీళ్లే, కాబట్టి దీనికీ నీళ్లే అని తేల్చేశాను.

"నీళ్లు పోయినాయప్పా. ఆరనీ. అప్పటికీ తగ్గకపోతే సోమవారం రా, సెన్సర్ పీసు మారుస్తా."

"అంతవరకు ఈ మోత ఎట్లన్నా? ప్యాసింజర్లు తిడ్తాండారు."

నాకు అతణ్ని పంపించేస్తే చాలు. డిక్కీ తెరిచి, ఆ మోత పెట్టే బజర్ సాకెట్ పీకేశాను. "ఇంగ గమ్మునుంటాది, పో" అన్నాను. అవ్వ గుర్తుకు రాలేదు. జాగ్రత్తగా వెనక్కి తీసుకొమ్మని ఒక్క మాట అన్నా నా సొమ్మేం పోయేది?

మరునాడు మధ్యాహ్నం అతను కారును వెనక్కి నడుపుతూ వాకిట్లోకి తెచ్చాడు. అవ్వ శెనక్కాయలు ఒలుస్తోంది. నీడ జరిగిందని తనూ చాట పట్టుకుని గోడవారగా జరిగింది. అద్దంలో ఆమె కనపడలేదు, కారు కూయలేదు. తుంటి ఎముక విరిగింది. ఊళ్లో వాళ్లందరినీ మోసే ఆ కారులోనే ఆమెనూ పుట్టపర్తికి మోసుకుపోయాడు. ప్రాణానికి భయం లేదన్నారు, ఇక నడవలేదన్నారు.

పది రోజుల తర్వాత కారు తెచ్చి నా అంగడి ముందు ఆపాడు. "దాన్ని బాగు చెయ్యన్నా" అని బస్సెక్కి ఆసుపత్రికి పోయాడు.

సాకెట్ పెట్టి గేరు వేశాను. అదే మోత. తీగలు చూశాను, కరెంటు చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎక్కడా తడి లేదు. చివరికి ఎండి గట్టిపడిన పసుపు బొటనవేలి గోటికి తగిలింది. గీకాను. మోత తీరు మారింది. నాలుగూ తుడిచాను. మోత ఆగిపోయింది. నేను వెనక్కి వెళ్లి నిలబడితే టిక్కుటిక్కుమంది.

బాగున్న ఆ నాలుగు బిళ్లలూ పీకేసి కొత్తవి బిగించాను. అబద్ధానికి ఒక రుజువు ఉండాలి కదా!

"ఏమైండె అన్నా?" అని అడిగాడు, సాయంత్రం వచ్చి.

"పీసు బాగలేదప్పా."

"నువ్వేం చేస్తావులే అన్నా."

ఆ మాటకన్నా చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

అవ్వ ఇంటికి వచ్చిందని తెలిసి బత్తాయిలు తీసుకుని వెళ్లాను. పంచలో మంచం మీద ఉంది. కాళ్లు దుప్పటి కింద కదలకుండా ఉన్నాయి. మనవడు నన్ను చూపించి బిళ్లలు పెట్టింది నేనేనని సైగ చేసి, టీ పెట్టడానికి లోపలికి పోయాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని, చెవిటివాళ్ల గట్టి గొంతుతో మొదలుపెట్టింది.

"నువ్వేనా నాయనా! పండగనాడు ఆ నాలుగు కండ్లకూ నేనే బొట్టు పెట్టినా. దండిగా పెట్టినా. అందుకే నా పానం మిగిలింది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమెకు వినపడదన్న ధైర్యంతోనే నోరు తెరిచాను.

"అవ్వా, ఆ బొట్టే అడ్డమైంది. తుడిస్తే సరిపోయేది. నేను తుడవలేదు. కూసేదాన్ని నోరు మూసి పంపించినా. పీసు బాగానే ఉండె. తప్పు నాది."

ఆమె నా పెదాల వంక చూసి నవ్వింది. "సల్లగుండు నాయనా" అంది. సిగ్గు లేకుండా నా మనసు కాస్త తేలికపడింది. కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగాను.

అతను గడపలో రెండు టీ గ్లాసులతో నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒక గ్లాసు నా పక్కన పెట్టాడు.

"ఆమెకు ఇనపడదన్నా" అన్నాడు. "నాకు చెప్పల్ల కదా."