బియ్యం డబ్బాలో మూడో డిస్కు

నిన్న మనవరాలి ఫోను నీళ్ల బకెట్లో పడి పాడైతే, కొత్త ఫోను తెరవగానే పాత పేర్లూ నంబర్లూ వాటంతటవే వచ్చి కూర్చున్నాయి, ఆ పిల్ల కంగారైనా పడలేదు. అది చూస్తుంటే తెలంగాణ కోసం సిద్దిపేట రోడ్లన్నీ జనంతో నిండిన రోజులూ, మా బియ్యం డబ్బా గుర్తుకొచ్చాయి.

మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు కంప్యూటరు సంగతులు ఏం తెలుస్తాయి. నా కోడలు అప్పుడు ఒక బ్లడ్ బ్యాంకులో పనిచేసేది. రక్తమిచ్చేవాళ్లలో ఎవరిది ఏ రక్తమో, ఏ ఊరో, ఏ నంబరో అన్నీ ఆ మిషన్లోనే ఉండేవి. దానికి రెండు డిస్కులట, ఒకదాంట్లో రాసింది అప్పుడే రెండోదాంట్లోనూ పడేది. ఎవరికి ఎప్పుడు రక్తం కావాలో చెప్పలేం కనుక మిషన్ను ఎక్కువసేపు ఆపకూడదు. అందుకని రోజూ సాయంత్రం గ్లాసు నీళ్లు తాగేంతసేపు ఆపి, ఒక డిస్కు ఊడదీసి ఇంటికి తెచ్చేది, దాని జాగలో, మధ్యాహ్నం అన్నానికొచ్చినప్పుడు ఇంటినుంచి పట్టుకెళ్లిన మూడోది పెడితే అది మెల్లగా తనంతట తాను నిండేది, పని సాగుతూనే ఉండేది. ఒకే రాతకు మూడు డిస్కులా, దుబారా కాకపోతే, అని నేను గట్టిగానే కేకలేశాను.

"మరి నువ్వు జొన్న విత్తనాలు సగం ఇంట్ల వెట్టి, సగం నారాయణరావుపేటల మీ అవ్వగారింట్ల ఎందుకు దాస్తున్నవ్ అత్తమ్మా?" అంది. మా పుట్టింటి మాట ఎత్తినా, ముడుచుకున్న మొహం నేను విప్పలేదు. ఆ మొహానికి జడిసే కాబోలు, తెచ్చిన డిస్కును గుడ్డలో చుట్టి, తడి తగలని జాగ అని, నాకు చెప్పకుండా బియ్యం డబ్బా అడుగున దాచేది.

ఒకరోజు ఉద్యమంవాళ్లు రోడ్డు మీద వంటావార్పు పెట్టి ఇంటింటా బియ్యం అడిగారు. సంచిలో పోసిస్తే సంచి తిరిగిరాదని, సగానికి తక్కువున్న డబ్బానే ఇచ్చి, ఖాళీ డబ్బా తెచ్చియ్యాలని మరీ చెప్పి పంపాను. మధ్యాహ్నం కోడలు పరుగున వచ్చింది. ఎవరో తప్పు మీట నొక్కితే పేర్లన్నీ చెరిగిపోయాయట, ఒకదాంట్లో జరిగింది రెండోదాంట్లోనూ జరుగుతుంది కనుక రెండింట్లోనూ పోయాయట. దవాఖానలో కాన్పయిన ఒక పిల్లకు రక్తం ఆగడం లేదు, దొరకని రకం రక్తం, పైగా బస్సులు లేవు. నిన్నటి డిస్కే దిక్కు.

అది బియ్యం డబ్బా అడుగున ఉందని అప్పుడు చెప్పింది. డబ్బా చూస్తే వంటావార్పుకు పోయింది. నేను చెప్పులు లేకుండానే రోడ్డెక్కాను. అప్పటికే ఎసరు మరుగుతోంది. వరుసకు మరదలయ్యే పక్కింటామె గుడ్డమూట పైకెత్తి పట్టుకుని, "పిసినారిదానివని తెల్సుగని వదినా, గిది గూడ బియ్యంల కలిపి తూకం పెంచినవా?" అని నవ్వింది. ఆ మాట నాకు అంత హాయిగా వినిపించడం అదే మొదటిసారి.

కాసేపటికి పేర్లు తిరిగొచ్చాయి. ఫోను చేస్తే చంద్లాపూర్ నుంచి ఒకతను బండి మీద వచ్చి రక్తమిచ్చి, వంటావార్పులోనే అన్నం తిని వెళ్లాడు. తల్లీబిడ్డలు దక్కారు.

ఆనాటి నుంచి కోడలు డిస్కును నా చేతికే ఇచ్చేది, నేనే డబ్బాలో పెట్టేదాన్ని. ఇప్పుడు ఆ పేర్లు ఎవరూ మోయకుండానే ఎక్కడికో చేరుతాయట, మంచిదే. అయినా సాయంత్రం తను గడప దాటి లోపలికి రాగానే నా చేయి ముందుకు పోతుంది. ఇవ్వడానికి తన దగ్గర ఏమీ ఉండదు.