అత్తమ్మ గోలి, నా గోలి

మహబూబ్‌నగర్ దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసి "అమ్మ పాయె" అన్నప్పుడు నేను నారాయణపేటలో, ఇంట్లో మగ్గం మీద ఉన్నాను. అత్తమ్మను జ్వరమని చేర్చాం, తగ్గలేదు. చుట్టాలందరూ ఏడ్చారు. నాకు కన్నీళ్లు రాలేదు. వచ్చిన ఆడవాళ్లు నా ముఖం చూసి చెవులు కొరుక్కున్నారు, అత్తాకోడళ్లకు పడేది కాదు కాబోలని.

మాకు పడకపోవడమా! ఇద్దరిదీ ఒకే జబ్బు. మనసు కుంగిపోయే జబ్బు, మా వైపు దాన్ని రంది అంటారు. రెండో బిడ్డ కడుపులోనే పోయాక నన్ను పట్టుకుంది. మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చుంటే చేతులు ఆడేవి కావు. లేచి పోదామంటే ఎక్కడికో తోచేది కాదు. తలుపు తీసే ఉన్నా నేను బందీనే. అందరూ బద్ధకమన్నారు. మామ పోయిన నాటి నుంచి రందికి గోలీలు మింగుతున్న అత్తమ్మ ఒక్కతే గుర్తుపట్టింది. "నా తొవ్వనే పట్టినవ్ పిల్లా. నడువు, దవాఖానకు పోదాం" అంది.

నాకు కొత్త రకం గోలి రాశారు. వారమైనా కడుపులో తిప్పడమే తప్ప గుణం లేదు. ఆమెది పాత రకం, వేసుకుంటే మత్తుగా నిద్ర పట్టేది. మా దగ్గర నిద్ర పట్టించిందే గట్టి మందు. "నీది ఉత్త పిండి. నాది గుడ ఏస్కో" అని ప్రేమగా ఒకటి చేతిలో పెట్టింది. మర్నాడు లేవబోతే తల తిరిగి గోడ పట్టుకున్నాను.

దవాఖానకు పోతే డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. "రెండూ రందికేనమ్మా. నిద్రొస్తే గట్టిది, రాకుంటే ఉత్తది అని కాదు. కొత్తది పనిచేయనీకి వారాలు పడ్తది. పాతది నోరెండిస్తది, తల తిప్పుతది, ఎక్కువైతే గుండెకు ప్రమాదం. ఒకరిది ఒకరు మింగొద్దు" అంది. నీకూ మారుస్తానంటే అత్తమ్మ వినలేదు. "పాత మొగని లెక్క, గొణిగినా ఇడిచిపెట్టలేను."

అప్పటి నుంచి పొద్దుటి చాయ్ దగ్గర మాకదే ముచ్చట, ఎవరి గోలి ఎవరిని ఎంత సతాయించిందని. నోరెండుతుందని ఆమె పక్కన చెంబు ఉండాల్సిందే. కొన్నాళ్లకు నేను మళ్లీ చీర అంచు నేశాను. "నీ గోలి నిదానం గాని మంచిదే" అని ఒప్పుకుంది. కానీ దానితో నాకు ఏడుపు కూడా పోయింది. టీవీలో సినిమా చూస్తూ ఆమె కళ్లొత్తుకుంటే నేను కట్టెలా కూర్చునేదాన్ని. "ఏడుపొస్తలేదా? ఫికర్ జేయకు, నీ వంతు గుడ నేనే ఏడుస్త" అనేది.

ఇప్పుడు ఆమె కోసమే ఏడవాలి. గోలి మానేస్తే వస్తుందేమోనని డాక్టరమ్మను అడిగాను. "ఒక్కసారిగ మానొద్దు. జర కుదుటపడు, మెల్లగ తగ్గించి చూద్దాం" అంది. మానితే రంది మళ్లీ మీద పడుతుంది. వేసుకుంటే అత్తమ్మకు కన్నీటిచుక్క పెట్టలేను. దీనికి ఎటూ దారి లేదు.

దినాల నాడు అందరి ముందే గోలి మింగాను. మా ఆడబిడ్డ చూసింది. వచ్చి నన్ను పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆమె కన్నీళ్లు నా చెంప మీద నుంచి మెడలోకి కారాయి. నేను తుడుచుకోలేదు.