సమీనా కడిగిన షెడ్డు

సమీనాకు ఒకచోట కూర్చునే అలవాటు లేదు. జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయాగా పనిచేసిన రోజుల్లోనూ అంతే. పసిపిల్లల వార్డు ఆమెది. పొద్దున తుడిచిన నేలను ఎవరూ చెప్పకుండానే మధ్యాహ్నం మళ్ళీ తుడిచేది. ఆమె మొదటి బిడ్డ నెల తిరగకముందే వాంతులు, విరేచనాలతో పోయింది. ఆ తర్వాతే ఆ పనిలో చేరింది. మురికి అంటే ఆమెకు అసహ్యం కాదు, భయం.

దవాఖాన మూతపడ్డాక భర్త ముజఫర్ చిరాగ్‌పల్లి దగ్గర, హైవేకు కాస్త లోపలగా ఉన్న తన అన్న జాగాలో రేకుల షెడ్డు వేయించాడు. ముజఫర్ లారీ డ్రైవరు, సగం రోజులు బొంబాయి రోడ్డు మీదే ఉంటాడు. షెడ్డు పని మొత్తం సమీనాదే. మిషన్లలో గుడ్లు పొదిగే హేచరీ నుంచి అప్పుడే పుట్టిన నాటుకోడి పిల్లల్ని తెచ్చి, కాస్త ఎదిగేదాకా సాకి, మొగుడంపల్లి, రాయికోడ్ వైపు ఆడవాళ్ళకు అమ్మాలి.

కానీ పిల్లలు నిలవలేదు. అట్టపెట్టెలోంచి దింపినప్పుడు కిచకిచమంటూ పరుగులు తీసేవి. రెండో వారం వచ్చేసరికి రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసుకుని, వెచ్చదనానికి పెట్టిన బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి నిలబడేవి. వెనక ఈకలకు తెల్లటి రెట్ట అంటుకునేది. పొద్దున్నే తలుపు తీస్తే మూలల్లో కొన్ని బిగుసుకుపోయి ఉండేవి. సమీనా ఇంకా కడిగింది. నేల, గోడలు, నీళ్ళ గిన్నెలు అన్నీ ఫినాయిల్‌తో రుద్దింది. పిల్లల కింద పరిచిన ఊక ఎప్పటికప్పుడు మార్చింది. మందుల దుకాణం వాడు చెప్పిన యాంటీబయాటిక్‌ని, జబ్బు రాకముందే, మొదటి రోజు నుంచే నీళ్ళలో కలిపింది. ఆమె చేతులు పగిలి మండేవి. పిల్లలు మాత్రం పోతూనే ఉన్నాయి.

చివరికి పశువుల డాక్టరు త్రివేణిని పిలిపించింది.

"ఏం గలీజుంది మేడం? మీరే చూడున్రి" అంది సమీనా గుమ్మంలోనే. "నేను చెయ్యని సఫాయి లేదు."

త్రివేణి షెడ్డంతా తిరిగి చూసింది. బయట బండ మీద చనిపోయిన పిల్లనొకదాన్ని కోసి, లోపల ఉన్నవి చూపించింది. పేగు కాగితంలా పలుచగా ఉంది. రెట్ట వచ్చే దారి పక్కన ఉండే చిన్న తిత్తి సరిగా ఎదగలేదు.

"చూడక్కా, కోడి పొదిగిన పిల్ల పుట్టంగనే తల్లి ఎంట తిరుగుతది. తల్లి కాలితోని గీకినకాడనే గింజలేరుకుంటది. గప్పుడు తల్లి కాడున్న మంచి సూక్ష్మజీవులు దాని కడుపుల చేరుతయి. అవి చేరితేనే పేగు గట్టిపడతది, గీ తిత్తి పెరుగుతది. రోగంతోని ఎట్ల కొట్లాడాలె అనేది ఒళ్ళు గప్పుడే నేర్సుకుంటది. మీ పిల్లలు మిషిన్ల పుట్టినయి, తల్లిని చూడనే లేదు. ఈడికొచ్చినంక మీరు మందు తాపి, చేరిన కొన్నిట్ని గూడ చంపుతున్నరు."

సమీనా ముఖం ఎర్రబడింది. "అంటే గలీజుల పెంచమంటున్నరా? నా బిడ్డ గలీజు నీళ్ళతోనే పోయింది మేడం."

త్రివేణి చేతి తొడుగులు విప్పి బండ మీద పెట్టింది. నెమ్మదిగా అంది. "గలీజు నీళ్ళు తాపమంటలేనక్కా. నీళ్ళు, గిన్నెలు సాఫ్‌గనే ఉండాలె. రోగం లేని పెద్ద కోళ్ళ కింది ఊక పరీక్ష చేపిచ్చి నేను తెస్త. కొత్త పిల్లల కింద జర చల్లుదాం, తల్లి కాడ దొరికే జీవులు గండ్లకెల్లి దొరుకుతయి. జబ్బు లేకుండ మందు పొయ్యొద్దు. గంతే."

"పక్కా బతుకుతయా?"

"పక్కా అని చెప్పలేను. శానమట్టుకు నిలబడతయనే అనుకుంటున్న."

తర్వాత వచ్చిన పిల్లల కింద ఆ ఊక చల్లారు. పిల్లలు దాన్ని గీకుతుంటే, ముక్కుతో పొడుస్తుంటే సమీనా చూడలేకపోయేది. బయటికి పోయేది, హైవే దాకా నడిచి వచ్చేది, మళ్ళీ తలుపు సందులోంచి చూసేది. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తినకుండానే లేచేది. ఒక మధ్యాహ్నం ఓ పిల్ల మిగతావాటికి దూరంగా, మెడ లోపలికి ముడుచుకుని నిలబడి కనిపించింది. సమీనా చేతులు ఆగలేదు. సీసా తెచ్చి అన్ని గిన్నెల్లోనూ మందు పోసేసింది.

పోశాక భయమేసి డాక్టరుకు ఫోన్ చేసింది. "మేడం, పోసిన."

"ఒక్కదానికా?"

"అన్నిటికి."

అవతల త్రివేణి నిట్టూర్పు వినిపించింది. "ఒక్కదాన్ని వేరే పెట్టి నన్ను పిలిస్తే అయిపోతుండె కదక్కా."

ఆ విడతలోనూ చాలా పిల్లలు పోయాయి. మందు వల్లేనా, ఇంకేదైనా కారణమా అన్నది త్రివేణి కూడా గట్టిగా చెప్పలేకపోయింది. సమీనా మాత్రం తన చేతులే చేశాయనుకుంది. షెడ్డు మూసేస్తానంది.

ముజఫర్ ఒప్పుకోలేదు. "ఇంకొక్కసారి చూడు సమీనా. మూస్తే నువ్వు ఊరుకుంటవా? ఇంటి గోడలు కడిగి కడిగి సున్నం ఊడగొడ్తవ్."

ఆమె నవ్వలేదు. లోపలికి వెళ్ళి మందు సీసా తెచ్చి అతని చేతిలో పెట్టింది. "అయితే ఇది నీ లారీల ఏస్కపో. నాకు దొరకొద్దు."

కొత్త పిల్లలు వచ్చాయి, మళ్ళీ ఊక చల్లారు. ఈసారి కూడా ఒక పిల్ల డీలాపడింది. సమీనా అలవాటుగా మందు సీసా ఉండే గోడ గూటి వైపు చేయి చాచింది, అది ఖాళీగా ఉంది. పిల్లను బుట్టలో వేరుగా పెట్టి, డాక్టరుకు ఫోన్ చేసి, పక్కనే గోనెసంచి మీద కూలబడింది. కాలు ఊపుతూ, గోళ్ళు కొరుకుతూ, త్రివేణి వచ్చేదాకా అక్కడినుంచి కదల్లేదు. ఆ పిల్ల బతకలేదు. మిగతావి బతికాయి. రెండో వారం దాటింది, ఈకలు మొలిచాయి, ఒకదాన్నొకటి తరుముకుంటూ షెడ్డంతా దుమ్ము రేపాయి.

చూడటానికి వచ్చిన త్రివేణిని సమీనా గేటు దాకా సాగనంపింది. గేటు పట్టుకుని నిలబడిపోయి అడిగింది.

"మనుషుల పిల్లలకు గూడ గిట్లనేనా మేడం? నా బిడ్డప్పుడు గూడ నేను ఏమన్న ఎక్కువ కడిగి..."

"కడుపుల మంచి జీవులు వాళ్ళకు గూడ కావాలె అక్కా. కానీ మీ పాపకు వచ్చింది వేరు. గలీజు నీళ్ళతోని వచ్చే రోగమైతే పసిపిల్లలు తట్టుకోలేరు. మీరు చేసిన తప్పేం లేదు."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. దవాఖానలో అన్నేళ్ళు పనిచేసినా తానూ ఎవర్నీ అడగలేదు. డాక్టరు బండి మలుపు తిరిగేదాకా చూసి, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

షెడ్డు ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఒక్కో విడతలో ఇప్పటికీ కొన్ని పోతాయి. పోయిన ప్రతిసారీ సమీనా ఆ రోజంతా ఎవరితోనూ సరిగా మాట్లాడదు. కోడిపిల్లల్ని కొనడానికి వచ్చిన ఆడవాళ్ళకు ఎట్లా సాకాలో తానే చెబుతుంది. మొన్న మొగుడంపల్లి నుంచి వచ్చిన నాగవ్వ విసుక్కుంది. "జర కూసోని చెప్పు బిడ్డా, నువ్వట్ల తిరుగుతుంటే నా మెడ నొస్తున్నది."

"నువ్వు కూసో అవ్వా. నేను చెప్తనే ఉంట" అంటూ సమీనా గిన్నెలో నీళ్ళు మార్చడానికి లోపలికి నడిచింది.