నన్ను అన్‌ఫిట్ కానివ్వని కాక

మా పక్క క్వార్టర్ కాక మొన్న పొద్దున చనిపోయాడు. నేను మొదటి షిఫ్టులో ఉన్నాను, బొగ్గుబావి దిగేవాళ్లకు లాంప్ రూంలో దీపాలు ఇస్తున్నాను. నా భార్య ఫోన్ చేసి "కాక లేడు" అని ఒక్కమాటే అని ఏడ్చింది. ఈరోజు నేనిలా రెండు కాళ్ల మీద నిలబడి డ్యూటీ చేస్తున్నానంటే ఆయన వల్లే. అందుకు ఆయనకు దండం పెట్టాలో, నా కొడుకు ముందు తల దించుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేనూ బావి దిగే రోజుల్లో, లోపల పైకప్పు కూలి నా కుడికాలు నుజ్జయింది. రాడ్లు వేసి, నెలల తరబడి ఆస్పత్రిలో ఉంచి ఇంటికి పంపారు. మా బొగ్గు కాలనీల్లో ఇలాంటప్పుడు అందరి ఆలోచనా ఒక్కటే. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే ఉద్యోగం కొడుక్కు వస్తుంది. నా కొడుకు డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడు. చూడటానికి వచ్చిన చుట్టాలు నా కాలు వంక చూసి "పోనీ తియ్, పోరని బతుకు గడ్డకు పడ్డది" అనేవారు. ఓదార్పుగానే అనేవారు పాపం. మా అవ్వ కూడా "బోర్డు అయ్యేదాంక జర ఇట్లనే ఉండు కొడుకా" అంది. ఆ రోజు గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. నా కాలు బాగుపడొద్దని కోరుకునే ఇంట్లో ఎట్లా బతకాలి?

అలాంటి రోజుల్లో ఒక పొద్దున కాక వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"లే."

"నొస్తుంది కాకా."

"నొస్తది. లే."

తన తువ్వాలను నా నడుముకు చుట్టి, కొసలు రెండూ వెనక నుంచి పట్టుకుని, కోడెను తోలినట్టు గల్లీలోకి తోలాడు. చెయ్యి ఇచ్చేవాడు కాదు. "పడితె పట్టుకుంట, అంతె" అనేవాడు. చెవి వెనక ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. బొగ్గుదుమ్ముకు పాడైన ఊపిరితిత్తులు కాబట్టి వెలిగించేవాడు కాదు, ఊరికే వాసన చూసుకునేవాడు. నేను భయపడి చిన్నచిన్న అడుగులు వేస్తే "పెండ్లిపిల్ల తీర్గ నడుస్తున్నవేందిరా" అని ఎగతాళి చేసేవాడు. గల్లీ అంతా నవ్వేది, నా ఇంటివాళ్లు తప్ప.

ఒకరోజు మురుగు మోరీ పక్కన బోర్లా పడ్డాను. లేవాలనిపించలేదు. "నన్ను ఇడిసిపెట్టు కాకా. కుంటోన్ని చేసిన దేవుడు పోరనికి నౌకరన్న ఇయ్యనీ" అని గట్టిగా ఏడ్చాను. ఆయన నా పక్కనే మట్టిలో కూర్చున్నాడు. ఆయన కొడుకు బావిలో చనిపోయిన సంగతి కాలనీకంతా తెలుసు. ఆయన నోట మాత్రం అప్పుడే విన్నాను.

"నేను అన్‌ఫిట్ అయ్యి నా నౌకరి నా కొడుక్కిచ్చిన. గా దినం గల్లీ అంత మిఠాయి పంచిన. ఏడాది తిరుగలే, కప్పు వాని మీద పడ్డది. నువ్వు మిఠాయి పంచకు బిడ్డా."

బోర్డు ముందు నడిచాను. బావి దిగలేను కానీ పైన పని చేయగలనని రాశారు. బయట వరండాలో నా కొడుకు నిలబడి ఉన్నాడు. "మంచిగ నడిచినవ్ బాపూ" అన్నాడు, నా మొహం చూడకుండా. వాడిప్పుడు పెట్రోల్ బంకులో పనిచేస్తున్నాడు. ఆ తర్వాత వాడు కాకతో మాట్లాడలేదు. గల్లీలో ఆయన కూర్చుని ఉంటే బండి వెనక్కి తిప్పి చుట్టూ తిరిగి వచ్చేవాడు. కాకకు అది తెలుసు. "కోపం ఉండనీ, పోరడు ఉన్నడు గద" అనేవాడు.

మొన్న కాకకు కొరివి పెట్టే దిక్కు లేదు. కాక భార్య చిన్నమ్మ నా కొడుకు చెయ్యి పట్టుకుంది. "నిప్పు నువ్వు పట్టుకోవాలె బిడ్డా" అంది. వాడు తలమీద నీళ్లు పోసుకుని, తడిబట్టలతో నిప్పుకుండ అందుకున్నాడు.

గోదారి ఒడ్డున ఇసుకలో నా కాలు దిగబడిపోయింది. పాడె నన్ను దాటింది, జనం దాటారు. నిప్పు పట్టినవాడు వెనక్కి చూడొద్దు. వాడు చూడలేదు.

"బాపు వస్తుండా?" అని అడిగాడు.

"ఎనుకబడ్డడు" అన్నారెవరో.

"అయితె ఆగుండ్రి."

ముందు నిప్పు ఆగితే వెనక పాడె కదలదు. కాకను భుజాల మీద పెట్టుకుని నలుగురూ ఎండలో అట్లాగే నిలబడ్డారు. నేను ఒక్కొక్క అడుగే పీకి వేసుకుంటూ వాళ్ల దగ్గరికి నడిచాను.