తొందర బావ తాళం

మా బావకు కాలు ఒకచోట నిలవదు. స్కూటర్లు బాగుచేసే షెడ్డు ఆయనది. ఒక బండి విప్పి, అది బిగించకముందే ఇంకో బండి మీద పడతాడు. ఆలస్యం అమృతం విషం అన్న ముక్క ఒక్కటే బళ్ళో చదివిన దాంట్లో మిగిలింది. వీధిలో అందరూ ఆయన్ని 'తొందర' అనే పిలుస్తారు.

సాయంత్రాలు ఆ షెడ్డులోనే మా బ్యాండ్. బావ డ్రమ్స్, ఆయన్ని కట్టుకున్న మా అక్క పాట, నేను గిటార్. పాట నడకతో మొదలై పరుగుతో ముగుస్తుంది. అది బావ పుణ్యమే.

ఇన్నేళ్లకు మొదటి ఆల్బమ్ చేద్దామని స్టూడియోకు వెళ్లాం. హెడ్‌ఫోన్లలో టిక్కుటిక్కుమని తాళం వస్తుంది, దాని వెంటే వాయించాలట. బావ దాన్ని ఎప్పుడూ దాటిపోయేవాడే. అద్దం అవతల రికార్డింగ్ చేసే అతను మొహం చిట్లించి, "సర్లెండి, తర్వాత నేను చూసుకుంటా" అన్నాడు. బావ వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

"ఒరేయ్, నన్ను తీసేసి ఇంకొకణ్ణి పెడతాడంటావా?"

"ఛ, ఎందుకు పెడతాడు బావా?" అన్నాను గానీ, నాకూ అదే అనుమానం.

పాటలు రాగానే షెడ్డులో స్పీకర్ పెట్టి విన్నాం. ప్రతి దెబ్బా గీత గీసినట్టు పడుతోంది. బావ కాసేపు విని, "బాగుంది. ఎవరు వాయించారు?" అన్నాడు.

"నువ్వే బావా" అన్నాను. దెబ్బలన్నీ ఆయనవే. కంప్యూటర్లో ఒక్కొక్కటీ వెనక్కి జరిపి తాళం మీద కూర్చోబెట్టారు. నా గిటార్‌నీ అలాగే దిద్దారు. బావ ఇంకేమీ అడగకుండా వెళ్లి ఒక బండి పక్కన కూలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క అదే పాట మళ్ళీ పెట్టింది. "నా గొంతేంట్రా ఇలా ఉంది? ముందే వెళ్లి ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు?"

అక్క గొంతును మాత్రం వాళ్ళు ముట్టుకోలేదు. అది బావ తొందరతోనే పరుగెడుతోంది. ఆమె వెంటనే స్టూడియోకు ఫోన్ చేసింది.

"బాబూ, ఆయన ఎలా వాయించాడో అలాగే ఉంచు."

"అప్పుడు పాటంతా పరుగెడుతుంది మేడమ్. మీ గొంతు కూడా కాస్త జరిపేస్తే సరిపోతుంది."

"గొంతంటే జరుపుతావు. పదిహేనేళ్లుగా ఆయన వెంట పరుగెత్తుతున్నాను, నన్నెక్కడికి జరుపుతావు?"

"సరే మేడమ్, సార్‌ది సార్‌కే ఇచ్చేస్తా" అన్నాడతను.

"మొదటి పాట మాత్రం కొంచెం తొందరైందేమో, చూడమనవే" అన్నాడు బావ బండి చాటునుంచి.

"నువ్వూరుకో" అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ.