అమ్మవారి చీరకు ఎరుపు ఎప్పుడొచ్చింది

పేట్ బషీరాబాద్‌లో మా పక్కింటి సారు పోయారు. పోయిన వారం తెల్లవారుజామున ఆయన కోడలు పిట్టగోడ మీదుగా, "మామ లేస్తలేడక్కా, జర జల్దీ రా" అని పిలిచింది. వెళ్లేసరికే అంతా అయిపోయింది. నిద్రలోనే పోయారన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఒకచోట కాలు నిలవని మనిషి అట్లా కదలకుండా పడుకుని ఉంటే, "ఏంది సారూ ఇది" అని కోప్పడాలనిపించింది. ఏడుపు తర్వాత వచ్చింది.

సారు నగరంలో చేతిరాత పుస్తకాల లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యారు. చిరిగిన పుటలు అతకడం, బొమ్మల్లో ఏ రంగు అసలుది, ఏది తర్వాత పూసింది అని తేల్చడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం వదిలినా ఆ గుణం వదల్లేదు. జేబులో భూతద్దం పెట్టుకుని కాలుకాలిన పిల్లిలా వీధంతా తిరిగేవారు. మా గోడను గోటితో గీకి, "కింద నీలం ఉన్నది. పసుపు మీరు కొన్నంక ఏసిండ్రు" అన్నారు. ఎదురింటాయన కొత్త బండి అని మురిసిపోతూ స్కూటర్ తెస్తే, "గిది రెండోపారి రంగేసింది" అని పదిమందిలో చెప్పేశారు. ఆయన చాలా రోజులు సారు మొహం చూడలేదు. నేను కోప్పడితే, "నేనేం జేసిన బిడ్డా? ఏది ముంగట, ఏది ఎన్క, గంతే జెప్పిన" అన్నారు. ఎప్పుడూ అదే మాట.

మా సొంతూరు శామీర్‌పేట. తొంభైల చివర్లో భూముల ధరలు పెరుగుతుంటే మా బాపు, ఆయన అన్న పెద్దబాపు పొలం పంచుకున్నారు. పంపకంలో ఒక్క మాటా జారలేదు. జారింది పుస్తకం దగ్గర. పెద్దబాపు ఇంట్లో దేవుని గూట్లో తరతరాల నాటి బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. దసరాకు తీసి పూజ చేసేవారు. ఆ ఏడు పుస్తకం తెరవగానే బాపు ఎప్పటిలాగే, "గీ రంగులు మా నాయిన ఏసిండు. నేను పక్కన కూసొని జూసిన" అన్నాడు. పెద్దబాపు పకపకా నవ్వాడు.

"నీకప్పుడు ఊహే తెల్వదు తమ్మీ. కలగన్నవ్. గివి ముత్తాతల నాటి రంగులు."

అందరూ నవ్వారు. బాపు అన్నం తినకుండా లేచి వచ్చేశాడు. తాత పోయేనాటికి బాపుకు అయిదేళ్లు నిండలేదు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. తండ్రి గురించి ఆయనకున్నది ఆ ఒక్క జ్ఞాపకమే. అదీ కల అయితే ఇక ఏమీ లేనట్టే. "నేను నిజంగనే కలగన్ననా?" అని మా ఇంట్లో తిరుగుతూ నన్నే అడిగేవాడు. వినలేక, సారును బతిమాలి, బాపుతో పాటు శామీర్‌పేటలో పెద్దబాపు ఇంటికి తీసుకుపోయాను.

పుస్తకం ముందు సారు ఓసారి వంగుతారు, లేస్తారు, కిటికీ దాకా నడిచి మళ్లీ వస్తారు. బాపు నోరు విప్పబోతే చెయ్యెత్తి ఆపారు. "ఇప్పుడేం జెప్పకు పటేలా. నువ్వు జెప్పిందే నా కండ్లకు కనబడుడు మొదలైతది."

పురుగులు తొలిచిన చిల్లులు చూపించారు. "పురుగు కాయితంతోని పాటు రంగును గూడ తొలిస్తే, రంగు ముంగట, పురుగు ఎన్క. రంగు చిల్లులకు దిగితే, పురుగు ముంగట, రంగు ఎన్క." పుట తర్వాత పుట, చిల్లులన్నీ రంగును కోసుకుంటూ పోయాయి. అన్నీ పాత రంగులే. పెద్దబాపు మీసం దువ్వాడు. బాపు తలెత్తలేదు. చివరికి ఒక్క బొమ్మ దగ్గర సారు ఆగారు. అమ్మవారి చీరకు పూసిన ఎరుపు చిల్లుల్లోకి దిగి పుట వెనక్కి కూడా ఊరింది.

"గిది తర్వాతిది" అన్నారు.

"మా నాయినదేనా?" అన్నాడు బాపు.

"గది రంగు జెప్పదు పటేలా."

తిరిగొచ్చేటప్పుడు నాకు ఒళ్లు మండింది. అవునంటే మీ సొమ్మేం పోయిందని అడిగేశాను. "అబద్ధం జెప్పి ఇచ్చిన నాయిన ఎన్ని దినాలుంటడు బిడ్డా?" అన్నారు. అప్పుడు మూతి ముడుచుకున్నాను. ఇవాళ ఆ మాటకు చేతులెత్తి దండం పెడతాను.

నిజానికి ఆయనకూ మనసు నిలవలేదు. ఆ ఎరుపు చీర అంచు దాటి, సన్నని కాళ్లు చాపినట్టు పైకి తలా ఓ దిక్కుకు పాకి ఉందట. "పుస్తకం ఒంచితే ఒక్క దిక్కు కారాలె. గిట్లెందుకు పాకింది?" అని నేను పాఠాలు చెప్పే బడికి పోతుంటే గేటు దగ్గర ఆపి అడిగేవారు, బాపు చెవిన మాత్రం పడనిచ్చేవారు కాదు. ఆఖరికి మళ్లీ శామీర్‌పేటకు మమ్మల్ని ఆయనే బయల్దేరదీశారు.

ఈసారి పుస్తకం తెరవకుండానే అడిగారు. "పటేలా, రంగు ఎండేదాకా మీ నాయిన ఏం జేసిండు?"

బాపు ఆలోచించలేదు. "నన్ను ఊదుమన్నడు. నేను పాణం బెట్టి ఊదిన. మెల్లగ బిడ్డా, మెల్లగ అన్నడు."

"గీ ముచ్చట ఎన్నడన్న ఎవలకన్న జెప్పినవా?"

"ఎవలడిగిండ్రు సారూ?"

సారు ఆ పుట తెరిచి భూతద్దం పెద్దబాపు చేతిలో పెట్టారు. "సూడుండ్రి. తడి రంగును ఎవలో గట్టిగ ఊదిండ్రు. కిందికెల్లి, మస్తు దగ్గర్నించి. గడ్డం పుటకు ఆనేటంత ఎత్తే ఉన్నోళ్లు. పేరు నేను జెప్ప. కండ్లకు కనబడ్డది జెప్తున్న."

పెద్దబాపు అద్దంలోంచి చాలాసేపు చూశాడు. తాత పోయిన ఏడాది ఆయన మేడ్చల్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. తండ్రి చివరి నెలలు ఆయన చూడనే లేదు. అద్దం దించి బాపు దిక్కు తిరిగాడు.

"తమ్మీ, నాయిన ఇంకేమన్నడురా?"

అరవైకి దగ్గరపడ్డ బాపు మోకాళ్ల మీద వంగి, గడ్డం పుట అంచుకు ఆనించి, కళ్లు మూసుకుని, ఆ ఎరుపు మీద మెల్లగా ఊదసాగాడు. కాసేపటికి సారు వంగి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"ఇగ చాలు పటేలా" అన్నారు. "ఎండింది."