తూకం వేసి కొన్న కరెంటు డబ్బా

ఆ రోజుల్లో వస్తువు కొనడమంటే వేలితో నొక్కితే ఇంటికొచ్చి వాలే వ్యవహారం కాదు. బస్సెక్కి వెళ్లాలి, దుకాణం మెట్లెక్కాలి, బల్ల మీద పెట్టించాలి, అటు తిప్పి ఇటు తిప్పి చూడాలి, దుకాణదారుడి ముఖం కూడా చూడాలి. (మా అవ్వ, అంటే మా అమ్మ, ఇత్తడి బిందెను వేలి గణుపుతో కొట్టి, చెవి ఆనించి విని, పెదవి విరిచి కింద పెట్టేసేది. ఏం వినిపించేదో నాకు ఇప్పటికీ తెలియదు.) అలాంటి ఇంట్లో పుట్టిన నేను, తొంభైల నడుమ, ఇచ్చోడలో కంప్యూటర్ టైపింగ్ దుకాణం పెట్టిన మొట్టమొదటి ఆడపిల్లను. మగపిల్లలు కూడా ఎవరూ పెట్టలేదు కాబట్టి అందులో ‘ఆడపిల్ల’ అన్న మాట తీసేసినా నాకు నష్టమేమీ లేదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కరీంనగర్‌లో మేనత్త ఇంట్లో ఉండి ఏడాదిపాటు కోర్సు చేసి వచ్చాను. కంప్యూటర్ లోపల ఏముంటుందో మా జిల్లాలో నాకూ, దాన్ని తయారు చేసిన వాడికీ తప్ప ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం.

మా ఇంటి ముందు హైవే వైపు తెరుచుకునే ఒక గది, మా మాటలో అర్ర, ఉండేది. దాంట్లోనే నా దుకాణం. పేచీ ఎక్కడొచ్చిందంటే, మా చిన్నాయన ఆ అర్రలో ఎరువుల దుకాణం పెట్టాలని రెండేళ్లుగా కలలు కంటున్నాడు. కంప్యూటర్ వచ్చిన నాటి నుంచి రోజుకోసారి గుమ్మంలో నిలబడి, టకటక కొడితే అన్నం పెట్టదని, యూరియా చల్లితే పంట పెడుతుందని నాకు హితబోధ చేసేవాడు. ఈలోగా నా అదృష్టం కొద్దీ ఉట్నూరులోని ఒక ఆఫీసు వాళ్లు గూడేలవారీగా బడి పిల్లల జాబితా టైప్ చేసిమ్మన్నారు. శనివారానికి ఇవ్వాలి. నచ్చితే ఏడాది పొడుగునా పని. మా నాన్న, మేం బాపు అంటాం, పత్తి రైతు, మాట తూచి వాడే మనిషి. ఇద్దరి మొరా విని పంచాయితీ ఒక్క మాటతో తెంపాడు.

“శనారం దాక ఆగుదాం. ఉట్నూరు పని టయానికి ముట్టజెప్తె అర్ర బిడ్డది. లేకుంటె మందుబస్తాలది.”

చిన్నాయన సరేనన్నాడు. నేను అంతకంటే గట్టిగా సరేనన్నాను. అప్పటికే మూడింట రెండు వంతుల జాబితా కంప్యూటర్‌లో ఎక్కించేశాను మరి. కానీ మా ఊరి కరెంటు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పొలాల్లో బోరు మోటార్లు నడుస్తున్నంతసేపూ ఇళ్లలో బల్బు గురిగింజంత ఎర్రగా వెలిగేది. ఆ కరెంటుకు నా కంప్యూటర్ లేచేది కాదు. కరెంటు హెచ్చుతగ్గులను సర్దే స్టెబిలైజర్ కొనమని కరీంనగర్‌లో కోర్సు నేర్పిన సార్ చెప్పారు, పత్తి అమ్మాక చూద్దామని బాపు అన్నాడు. అప్పుడు నా తెలివి పని చేసింది. కంప్యూటర్ వెనక, కరెంటు లోపలికి వెళ్లే డబ్బా ఒకటి ఉంటుంది. గోడ నుంచి వచ్చే కరెంటును కంప్యూటర్‌కు సరిపడేలా చేసి పంచిపెట్టేది అదే. దాని మీద ఒక చిన్న ఎర్ర స్విచ్చు. ఒక పక్కకు జరిపితే రెండు వందల ముప్పై, ఇంకో పక్కకు జరిపితే నూట పదిహేను. మన దగ్గర వచ్చేదే అర కరెంటు కదా, స్విచ్చు కూడా సగానికే పెడితే సరి అని తీర్మానించి అటు జరిపాను. కంప్యూటర్ గుయ్యిమని లేచింది! ఇంత చిన్న ఉపాయం సార్‌కు ఎందుకు తట్టలేదా అని ఆయన మీద జాలి కూడా పడ్డాను.

పగలు మోటార్లు నడిచే వేళల్లోనే కూర్చున్నాను కాబట్టి నాలుగు రోజులు రాజభోగంగా నడిచింది. మంగళవారం మధ్యాహ్నం వాన మొదలైంది. తడుస్తామని రైతులందరూ ఒక్కసారిగా మోటార్లు ఆపి ఇళ్ల దారి పట్టారు. అంతదాకా అన్ని బోర్లూ పంచుకు తాగిన కరెంటు మొత్తం మా ఊరి ఇళ్ల మీద పడింది. బల్బు తెల్లగా వెలిగింది, ఆ వెనకే నా డబ్బా ఠప్పుమంది. గుప్పుమని పొగ, కాలిన వెంట్రుకల వాసన. అవ్వ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చిన్నాయన కూడా వచ్చాడు. (ఆయన ముఖంలో విచారం ఉందనే చెప్పాలి, కానీ చూపు మాత్రం బస్తాలు ఎక్కడ పేర్చాలా అన్నట్టు గోడలను కొలుస్తోంది.) నేను చెమటలు తుడుచుకుంటూ, కరెంటు ఎక్కువొచ్చిందని అందరికీ చెప్పాను. అబద్ధమేమీ కాదు. ఎర్ర స్విచ్చు ఊసు మాత్రం ఎత్తలేదు.

ఎస్టీడీ బూత్‌కు పోయి కరీంనగర్ సార్‌కు ఫోన్ చేశాను. వాసన ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కుని, ఆ డబ్బా ఒక్కటే పోయి ఉంటుందని, దాన్ని మారిస్తే జాబితా జాబితాలాగే ఉంటుందని ధైర్యం చెప్పారు. చవకలో కొనాలంటే ఒకటే గుర్తు, చేత్తో పట్టుకుని చూడు, లోపల రాగి, ఇనుము సరిగ్గా వేసినది బరువుంటుంది, వేయనిది బెండులా తేలుతుంది అన్నారు. అంతా అయ్యాక, ఎర్ర స్విచ్చు ఏ పక్కకు ఉన్నదమ్మా అని అడిగారు. లైన్ సరిగ్గా లేదు సార్ అని పెట్టేశాను.

బుధవారం పొద్దున్నే ఆదిలాబాద్ బస్సెక్కాను. పత్తి ధర కనుక్కునే పని ఉందంటూ బాపు కూడా వెంట వచ్చాడు. అప్పటికింకా పత్తి కాయ పగలనే లేదు, ధరతో ఏం పనో నేనడగలేదు. టీవీలు, టేప్‌రికార్డర్లతో పాటు కంప్యూటర్ సామాను కూడా అమ్మే దుకాణం ఒకటే ఉండేది. దాని యజమానిని అందరూ వారంటీ సేఠ్ అనేవారు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు ఆ మాటే అనేవాడు. మూడు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి పేరున్న కంపెనీది, దాన్ని నేను ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఆశ పుడుతుంది. మిగిలిన రెండూ నా అందుబాటులో ఉన్నవే. రెంటికీ అదే రంగు, అదే ఆకారం, అంటించిన కాగితం మీద అవే గొప్పలు.

సార్ చెప్పినట్టు చెరో చేత్తో పట్టుకుని చూశాను. కుడిచేతిలోది బరువనిపించింది. చేతులు మార్చాను. అప్పుడూ కుడిచేతిలోదే బరువనిపించింది. ఇలా కాదని పక్కనున్న కిరాణా కొట్టుకు పట్టుకుపోయి, పప్పు తూచే తరాజులో చెరో పక్కా పెట్టించాను. ఒక డబ్బా ధన్నుమని కిందికి దిగింది, రెండోది గాల్లోకి లేచింది. పప్పు కొనడానికి వచ్చినవాళ్లు కూడా ఆగి చూసి, నా వెనకే సేఠ్ దుకాణానికి వచ్చారు. నేను బరువైన డబ్బాను చంకలో, తేలికదాన్ని చేతిలో పెట్టుకుని వచ్చి, సేఠ్‌కు రాగి గురించి, ఇనుము గురించి, నాణ్యత గురించి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ప్రతి మాటకూ తలాడిస్తూ బిల్లు బుక్కు తీశాడు. బాపు అంతసేపూ స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. అప్పుడు లేచి వచ్చాడు.

“పత్తిల నీళ్లు గొట్టినా బరువైతది బిడ్డా. లోపట సూసినవా?”

లోపల చూడాలంటే మూత తీయాలి, మూత తీయాలంటే దాని మీది సీలు తెంపాలి. సీలు తెగితే వారంటీ ఖతం, ఆ తర్వాత తన జిమ్మా కాదన్నాడు సేఠ్. బాపు గొంతు పెంచలేదు.

“మా పత్తి బోరెంల మోచేతి దాక చెయ్యి వెట్టకుండ ఇన్నేండ్ల సంది ఎవ్వలు కొనలే సేఠ్. నేను గూడ గట్లనే కొంట.”

ఆ మాటతో నా ముఖం మీది గెలుపు నవ్వు ఆగిపోయింది. చిన్నప్పుడొకసారి బాపుతో పత్తి మార్కెట్‌కు పోయాను. బండ్ల మీద ఎత్తైన బోరేలు, అంటే పత్తి కుక్కిన పెద్ద గోనె సంచులు, ప్రతి బోరెం కుట్టు విప్పి, కొనేవాడు లోపలికి చెయ్యి దూర్చి, నడిమి పత్తి పిడికెడు లాగి చూస్తాడు. తడి ఉందా, గింజ ఉందా, అడుగున నాసి సరుకు దాచారా అని. బాపు ఎన్నడూ పత్తికి నీళ్లు కొట్టిన మనిషి కాదు. అయినా ప్రతి ఏడూ పదిమంది ముందు ఆ పరీక్షకు నిలబడేవాడు. అలా నిలబడ్డ బాపును చూసి అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు అదే పరీక్ష నా కోసం తానే పెడుతున్నాడు. అయినా నా తెలివి ఊరుకోదు కదా, దాంట్లో చెయ్యి పట్టదు బాపు అన్నాను.

“చెయ్యి పట్టకుంటె కన్ను పడ్తది. బ్యాటరీ లైటు గొట్టి సూడు.”

నిజమే, గాలి ఆడటానికి డబ్బాకు సన్నని చీలికలు ఉంటాయి. సేఠ్ దుకాణంలోని టార్చే అడిగి తీసుకుని, ఒక కన్ను మూసి, బరువైన డబ్బాలోకి చూశాను. రాగి తీగ చుట్టలు ఉండాల్సిన చోట వేలెడంత చుట్ట ఒకటి బిక్కుబిక్కుమంటోంది. దాని పక్కన, తారుతో అంటించిన ఒక ఇనుప పట్టీ! కరెంటుతో దానికి ఏ సంబంధమూ లేదు, ఒక్క తీగ కూడా తగిలించి లేదు. తూకం కోసమే పుట్టిన ఇనుము. ఇందాకటి ఉపన్యాసాన్ని అందరూ మరిచిపోతే బాగుండనిపించింది. టార్చ్ సేఠ్‌కిచ్చాను. ఆయన చూసి, స్క్రూడ్రైవర్ తీసి, తన సీలు తనే తెంపి మూత విప్పాడు. పట్టీని పెరికి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. పాపం ఆయనకూ తెలియదు, పట్నం నుంచి వచ్చిన మాలు వచ్చినట్టే అమ్ముతున్నాడు. తానూ మునిగానని బాపుతో మెల్లగా అన్నాడు. పప్పు కొట్టు నుంచి వచ్చినవాళ్లు నవ్వారు. బాపు నవ్వలేదు, సేఠ్‌కు తన స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

ఇక అప్పుడు నేను నిజంగా చదువుకున్న పిల్లలా పని చేశాను. తేలికైన డబ్బాలోకి చీలిక చీలికా వెతుక్కుంటూ చూశాను. లావుపాటి కెపాసిటర్లు రెండు, దిట్టంగా చుట్టిన రాగి, వేడిని లాగే వెడల్పాటి అల్యూమినియం రేకులు అన్నీ ఉన్నాయి. దుకాణంలోని పాత హార్డ్ డిస్కుకు తగిలించి అరగంట నడిపించమన్నాను. సేఠ్ ఇప్పుడు నేనేం చెబితే అది చేస్తున్నాడు. అరగంటయ్యాక చెయ్యి ఆనించి చూస్తే, పొయ్యి దించి కాసేపైన పాలగిన్నెలా గోరువెచ్చగా ఉంది. ఇదే ఇవ్వండి అన్నాను. ఇచ్చేముందు ఎర్ర స్విచ్చు సరైన పక్కకే ఉందో లేదో మూడుసార్లు చూసుకున్నాను. బాపు అది కూడా గమనించాడు.

తిరుగు బస్సులో అడగనే అడిగాడు, గా ఎర్రది ఏంది బిడ్డా అని. ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. అర కరెంటు, అర స్విచ్చు, నా ఉపాయం, నా అబద్ధం. బాపు గుడిహత్నూర్ వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కోపమొచ్చిందనుకుని నేను డబ్బాను ఒళ్లో పెట్టుకుని బిగుసుకుపోయాను. తీరా చూస్తే ఆయన భుజాలు కదులుతున్నాయి. కళ్లల్లో నీళ్లొచ్చేంత నవ్వు.

“నేను మూడు మోటర్లు కాలవెట్టిన బిడ్డా. మూడుసార్లు గూడ మీ అవ్వకు, కరెంటు ఎక్కువొచ్చిందనే జెప్పిన.”

ఆ సాయంత్రం డబ్బా బిగించాను. అవ్వ దానికి బొట్టు పెట్టింది. చిన్నాయన గుమ్మంలో నిలబడ్డాడు. ఎర్ర స్విచ్చును నాలుగోసారి చూసుకుని కంప్యూటర్ వేశాను. ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది, గూడేలు, పిల్లల పేర్లు ఒక్కటీ పోకుండా వరసగా వచ్చాయి. ఊపిరి పీల్చుకున్నాను. ఇక మోటార్లు నడిచే వేళల్లో కంప్యూటర్‌ను ముట్టుకోకుండా, అవి ఆగిన వేళల్లో కూర్చుని గురు, శుక్రవారాల్లో మిగతాది పూర్తి చేశాను. శనివారం కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని జీపులో ఉట్నూరు వెళ్లాను. అక్కడి ఆఫీసరు పేజీ పేజీ తిప్పారు, ఎర్ర పెన్ను మూత తీయలేదు. చివరి పేజీ దగ్గర, ఇది ఎవరు చేశారని అడిగారు. నేనే అన్నాను. లోపలి నుంచి ఇంకో కట్ట తెప్పించి నా చేతిలో పెట్టారు.

ఆదివారం పొద్దున బాపు అందరి ముందూ అర్ర తాళంచెవి నాకిచ్చాడు. చిన్నాయన కాసేపు గింజుకున్నాడు గానీ, తర్వాత తనే ఒక బెంచీ మోసుకొచ్చి, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఉండాలె కదా అంటూ వేసిపోయాడు. ఆ తేలిక డబ్బా ఏడేళ్లు నడిచింది. ఆ ఏడేళ్లలో మా చుట్టుపక్కల ఎవరు మిక్సీ కొన్నా, ఫ్యాను కొన్నా, మార్కెట్‌లో బాపును ఆపి నన్ను వెంట పంపమని అడిగేవారు. మా బిడ్డకు తీరిక ఉందో లేదో అడిగి చెప్తా అని బాపు వాళ్లను కాసేపు బతిమాలించుకునేవాడు.

ఆ ఆదివారం సాయంత్రం మాత్రం నాకు పనేమీ లేదు. అయినా తలుపులు రెండూ బార్లా తీసి, కంప్యూటర్ వేసుకుని కూర్చున్నాను. హైదరాబాద్ పోయే బస్సులు మా ముందే ఆగేవి. కిటికీల్లోంచి ఎవరైనా చూస్తున్నారా అని ఓరకంట గమనిస్తూ, ఎంతో తొందర పని ఉన్నట్టు ముఖం పెట్టి టకటక కొట్టాను. కొట్టినదల్లా నా పేరు, దాని కింద ప్రొప్రయిటర్ అన్న మాట. పేజీ నిండా అంతే. నడుం నిటారుగా, మెడ నిక్కించుకుని, ఒక్కతే కూర్చున్న ఆ పిల్లను ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత పొగరెందుకే నీకు అని అడుగుదామనిపిస్తుంది. అడగను. ఆ ఒక్క సాయంత్రం అది దాని హక్కు.